'ఫ్యామిలీలకు మాత్రమే': కంచరపాలెంలో ఒక టులెట్ బోర్డుపై దళిత విమర్శ

సాహిత్య విమర్శ అనగానే కథ, కవిత్వం, నవల అని మనకి అలవాటైపోయింది. ఈ నగరంలో అంతకంటే ఎక్కువమంది చదివే రచన ఇంకొకటుంది. అది గేటుకి వైరుతో కట్టి ఉంటుంది, లేదంటే గోడ మీద రంగుతో రాసి ఉంటుంది. టులెట్ బోర్డు. దానికి రచయిత పేరుండదు. విమర్శకులెవరూ దాన్ని పట్టించుకోరు. కానీ ఒక దళిత కుటుంబం ఏ వీధిలో తల దాచుకోవాలో, పిల్లలు ఏ బడికి నడవాలో, నీళ్ళకి ఎంత దూరం పోవాలో చాలాసార్లు తేల్చేది ఆ నాలుగు లైన్ల రచనే. అందుకే దాన్నొక రచనగానే తీసుకుని ఇక్కడ చదువుతున్నాం.

మేం కంచరపాలెంలో అద్దె ఇంటి కోసం తిరిగిన రోజుల్లో మెట్టు దగ్గర, ఐటీఐ జంక్షన్ వెనక సందుల్లో, ఊర్వశి జంక్షన్ నుంచి లోపలికి పోయే వీధుల్లో చూసిన బోర్డులన్నీ కలిపితే ఇంచుమించు ఇలా వస్తుంది: 'డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్ అద్దెకు ఇవ్వబడును. తూర్పు ఫేసింగ్. మునిసిపల్ కొళాయి, బోరు కలవు. గుడి, బడి, రైతుబజారు, హైవే దగ్గర. ఫ్యామిలీలకు మాత్రమే.'

ముందు క్రియాపదం చూడండి. 'ఇవ్వబడును'. మన నోటి తెలుగులో కర్మణి ప్రయోగం దాదాపు లేదు. 'నాచేత అన్నం తినబడింది' అని ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. వ్యావహారిక భాష కోసం ఉత్తరాంధ్రలో అంత ఉద్యమం నడిచినా, ఈ 'బడును' మాత్రం ఆఫీసు కాయితాల్లోనూ గోడల మీదా చావకుండా బతుకుతూనే ఉంది. దాని వల్ల ఇచ్చేవాడు కనబడడు. ఎవరిస్తారు, ఎవరికిస్తారు, ఎవరికివ్వరు అన్నది వాక్యంలో ఉండక్కర్లేదు. ఆ మిగతా సగం వాక్యం గుమ్మం దగ్గర నోటితో పూర్తవుతుంది. 'మీరేటోళ్ళు బాబూ?' బోర్డు మీద గ్రాంథికం, గుమ్మంలో పచ్చి వ్యావహారికం.

ఇక సౌకర్యాలు. బోర్డు చెప్పే 'దగ్గర' అన్న మాటకి ఒక లెక్కుంది. రైతుబజారు దగ్గరే. హైవే, అంటే పాత 5వ నంబరు, ఇప్పటి 16వ నంబరు జాతీయ రహదారి, అదీ దగ్గరే. పాలిటెక్నిక్ ఉంది, ఐటీఐ ఉంది. జ్ఞానాపురంలో సెయింట్ పీటర్స్ కేథడ్రల్ కూడా అంత దూరమేం కాదు. కానీ మేం చదివిన ఏ బోర్డు మీదా 'చర్చి దగ్గర' అన్న మాట కనబడలేదు. గుడి సౌకర్యం కింద లెక్క, చర్చి ఎందుకో కాదు. పోర్టు వైపు నుంచి గాలి కొడితే ఆరేసిన బట్టల మీద పడే నల్ల పొడి గురించి రాయరు. గెడ్డ ఎంత దూరమో రాయరు. తలుపు ఏ దిక్కుకి తెరుచుకుంటుందో చెప్తారు గానీ కాలవ ఏ దిక్కుకి పోతుందో చెప్పరు.

రైతుబజారునే తీసుకోండి. 1999లో ప్రభుత్వం రైతుబజార్లు మొదలుపెట్టినప్పుడు దళారుల్ని తప్పించడం అన్నది ఉద్దేశం. మంచిదే. దానికోసం లోపల స్టాల్ కావాలంటే రైతు గుర్తింపు కార్డుండాలన్నారు. కార్డు కావాలంటే సాగు చేసే భూమి చూపించాలి. తరతరాలుగా విశాఖ వీధుల్లో పళ్ళూ ఆకుకూరలూ గంపల్లో మోసి అమ్మిన రెల్లి ఆడవాళ్ళకి భూమెక్కడిది? వాళ్ళు రైతులూ కారు, దళారులూ కారు. వాళ్ళ చోటు గేటు బయట, రోడ్డు మీద, ట్రాఫిక్ పోలీసు ఎప్పుడు లెమ్మంటే అప్పుడు లేచేటట్టు. అదే రెల్లి వాడల నుంచి తెల్లారకముందే ఊడ్చేవాళ్ళూ కాలవలు తీసేవాళ్ళూ రావాలి, అప్పుడే బోర్డు చెప్పే వీధి 'ఫ్యామిలీ'లు ఉండదగ్గ వీధవుతుంది. ఆ మనుషులు తెల్లారి 5 గంటలకి పనిలోకి రావాలంటే వాళ్ళ ఇళ్ళు దగ్గర్లోనే ఉండాలి. బోర్డు పలికే అద్దె నిలబడాలంటే అవే ఇళ్ళు దూరంగా ఉండాలి. కంచరపాలెంలో ఈ రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయో చూడాలంటే రైలు పట్టాల వెంట నడిస్తే చాలు.

సౌకర్యం అనే మాటని మనం తేలిగ్గా తీసుకోడానికి వీల్లేదు. ఈ దేశంలో దళితుల మొదటి పెద్ద ప్రత్యక్ష పోరాటాల్లో ఒకటి సౌకర్యం కోసమే జరిగింది. బొంబాయి శాసనమండలి 1923లో ప్రభుత్వ చెరువులూ బావులూ అందరివీ అని తీర్మానించింది. మహద్ మునిసిపాలిటీ కూడా మా చెరువు అందరికీ అని ఒప్పుకుంది. కాయితం మీద సౌకర్యం వచ్చేసింది, చెరువులోకి మాత్రం ఒక్క అస్పృశ్యుడూ దిగలేకపోయాడు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో వెళ్ళి ఆ నీళ్ళు తాగాల్సి వచ్చింది. ఆ అనుభవమే తర్వాత రాజ్యాంగం 15వ అధికరణంలో ఒక జాబితాగా కనిపిస్తుంది: దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు. ఒకసారి మళ్ళీ చదవండి. అందులో ఇల్లు లేదు. ఇంటి చుట్టూ ఉండేవన్నీ ఉన్నాయి.

చట్టం అసలే లేదని చెప్పడం మా ఉద్దేశం కాదు. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్ ఏ ప్రాంతంలోనైనా నివాసం కట్టుకోడాన్నీ, సంపాదించుకోడాన్నీ, అందులో ఉండడాన్నీ అంటరానితనం పేరుతో అడ్డుకోవడం నేరమంటుంది. 12వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసి, అడ్డుకున్నది షెడ్యూల్డ్ కులం మనిషినైతే కారణం అంటరానితనమేనని కోర్టు భావించాలని, కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలివాడేనని చెప్తుంది. విద్యార్థి సంఘాలు ఈ సెక్షన్లని అచ్చేసి పంచాలి. కానీ అడ్డుకున్నట్టు చూపించడమే కష్టం. ఏ ఇంటి ఓనరూ 'మీకివ్వను' అనడు. 'అయ్యో, ఇప్పుడే అడ్వాన్సిచ్చి వెళ్ళారండీ' అంటాడు. బోర్డు ఇంకో నెల అక్కడే వేలాడుతూ ఉంటుంది. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న వచ్చిన గృహ చట్టం ఇల్లు నిరాకరించడాన్నే గాక, జాతినో మతాన్నో బట్టి ఇస్తామని తెలిసేలా ప్రకటన వెయ్యడాన్ని కూడా నిషేధించింది. అంటే బోర్డు మీది మాటనే పట్టుకుంది. మన దగ్గర మాట మీదికి చట్టం చూపు ఇంకా పోలేదు. ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్టణాల్లో పేర్లు మార్చి, ఫోన్లు చేసి, స్వయంగా వెళ్ళి అద్దె ఇళ్ళు అడిగి చూసిన సుఖదేవ్ థోరాట్ బృందం అధ్యయనం 2015లో అచ్చయింది. అగ్రకుల హిందూ పేరుకి దొరికిన ఇల్లు దళిత పేరుకీ ముస్లిం పేరుకీ దొరకలేదు, లేదంటే ఎక్కువ అద్దె మీదా షరతుల మీదా దొరికింది.

దీన్ని చెప్పడానికి సర్వేలు రాకముందే ఒక మనిషి రాసి పెట్టాడు. 1917లో కొలంబియాలో చదివి, లండన్ చదువు మధ్యలో ఆపి వచ్చిన అంబేడ్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళాడు. ఉద్యోగం దొరికింది, ఇల్లు దొరకలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు మీద చేరాడు. కొద్దిరోజులకే కర్రలు పట్టుకున్న పార్శీల గుంపు వచ్చి సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమంది. ఒక హిందూ స్నేహితుణ్ణి అడిగితే, నువ్వొస్తే మా పనివాళ్ళు వెళ్ళిపోతారన్నాడు. ఒక క్రైస్తవ స్నేహితుణ్ణి అడిగితే, మా ఆవిడ ఊరినుంచి రేపొస్తుంది, అడిగి చెప్తానన్నాడు. ఆ దంపతులు బ్రాహ్మణ కుటుంబం నుంచి మతం మారినవాళ్ళు. అంబేడ్కర్‌కి జవాబు అర్థమైంది. తోటలో కూర్చుని, రాత్రి బండికి బొంబాయి వెళ్ళిపోయాడు. ఆ 'మా ఆవిడ' అన్న మాట గుర్తుపెట్టుకోండి, కంచరపాలెంలో మళ్ళీ వస్తుంది.

ఇదే అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో పల్లెటూరిని మెచ్చుకునే వాళ్ళని నిలదీశాడు. దళితుడికి పల్లె నరకమని, పట్నం దారి చూపుతుందని మనం నేర్చుకున్నది ఆయన దగ్గరే. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత ఊరూ వాడా మధ్య ఉన్న దూరం మీద దళిత సాహిత్యం ఎంతో రాసింది. పట్నంలో వాడ ఎక్కడుందన్నది మాత్రం పెద్దగా రాయలేదు. పట్నం వచ్చిన మొదటి తరం చదువుకున్నవాళ్ళం మనమే కాబట్టి, ఆ వెలితి కూడా మనదే.

కంచరపాలెం ఈ ప్రశ్నకి మంచి చోటు. పేరులోనే కంచు పని చేసేవాళ్ళ కులముంది, పక్కనే ఒక పాలెముంది. అంటే కులవృత్తికీ చిన్న ఊరికీ ముడిపడిన పాత పేరు. దాని మీద బెంగాల్ నాగపూర్ రైల్వే, 1933లో తెరిచిన హార్బరు, తర్వాత మర్రిపాలెం డీజిల్ లోకో షెడ్డు, పారిశ్రామిక వాడ వచ్చి పడ్డాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, ఒరిస్సా నుంచి జనం కూలికొచ్చారు. వాళ్ళతో పాటు మనవాళ్ళూ వచ్చారు, ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా, సఫాయివాలాలుగా. ఇక్కడ రైల్వే క్వార్టరు అనే కొత్త రకం ఇల్లు పుట్టింది. దళితుడి దృష్టి నుంచి చూస్తే ఈ ప్రాంతంలో కులం అడక్కుండా దొరికిన మొదటి ఫ్యామిలీ ఇల్లు అదే. గుమ్మంలో నిలబడి 'మీరేటోళ్ళు' అని అడిగే ఓనరు లేడు. సీనియారిటీ జాబితా ఉంది, దాంట్లో పేరుంటే తాళం చెవి వస్తుంది. పక్క క్వార్టర్లో ఎవరుండాలో పక్కవాడు తేల్చలేడు. కొళాయి ఇద్దరిదీ.

దీన్ని మరీ అందంగా చెప్పుకోకూడదు. క్వార్టరు కులం అడగలేదు గానీ స్కేలు అడిగింది. స్కేలు కులం వెనకే నడిచింది. టైప్ 1 క్వార్టర్లలో ఎవరున్నారో, ఆఫీసర్ల బంగళాల్లో ఎవరున్నారో కళ్ళున్నవాళ్ళకి తెలుసు. దళితుల్లోనూ చదువు ముందుగా అందుకున్న కులాలకి గుమస్తా ఉద్యోగాలొచ్చాయి, రెల్లివాళ్ళ చేతిలో చీపురే మిగిలింది. 1994 నుంచి దండోరా వేసిన ప్రశ్న ఈ క్వార్టర్ల వరసల్లో కూడా ఉంది. దీన్ని ఒప్పుకోకుండా ఓనర్ల కులతత్వం గురించి మాత్రమే రాస్తే అది సగం విమర్శే అవుతుంది. అయినా సరే, సగం తెరిచిన తలుపుకీ మూసిన తలుపుకీ తేడా ఉందని మా వాదన.

ఇప్పుడొక ఓనరు గురించి చెప్పాలి. రైల్వేలో 30 ఏళ్ళు పైబడి పని చేసి రిటైరైన మనిషి, వెనుకబడిన కులం. ప్రావిడెంట్ ఫండ్ డబ్బుతో డాబా వేసి, పైన ఒక పోర్షన్ కట్టాడు. మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. యూనివర్సిటీలో రీసెర్చంటే సంతోషపడ్డాడు. అద్దె మాట్లాడుకున్నాం. మెట్లు దిగబోతుంటే అడిగాడు.

'ఏమీ అనుకోకండి బాబూ, మీరేటోళ్ళు?'

చెప్పాం.

'అయ్యో, దానికేటుంది. షెడ్డులో మా జతగాడు మీవోళ్ళే. పక్క పక్క క్వార్టర్లలో ఉన్నాం. ఒక్క కేరేజీలో తిన్నాం, ఆడు ఆదివారం పెద్ద కూర తెచ్చినా నేనేటీ అనలేదు. నాకలాటివి లేవు బాబూ. ఇంట్లో ఆడోళ్ళే... పండగా పబ్బం చేస్తారు కదా, ఒప్పుకోరు.'

ఆ మనిషి అబద్ధమాడాడని మేం అనుకోవడం లేదు. ఒక్క కేరేజీలో తినే ఉంటాడు. క్వార్టర్లో ఉన్నంత కాలం పక్కింటి దళితుడు ఆయనకి పక్కింటివాడే. సొంత గోడ, సొంత గేటు వచ్చాక అదే పక్కింటివాడి కొడుకు వయసు మనిషి గడప దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది. మనిషి మారలేదు, ఇల్లు ఎవరిదన్నది మారింది. మాకు ఇల్లు లేదన్నవాళ్ళలో బ్రాహ్మణులు చాలా తక్కువ. వాళ్ళకి ఈ వీధుల్లో ఉన్న ఇళ్ళే తక్కువ. 'బ్రాహ్మణీయ భావజాలం' అని రాసి చేతులు దులుపుకోడం మన పత్రికల్లో అలవాటు. దళిత బహుజన ఐక్యత అని 1990ల నుంచి సభల్లో చేతులు కలుపుకున్నవాళ్ళం, సభ అయ్యాక ఎవరి ఇంట్లో ఎవరు అద్దెకుండగలరో ఒకసారి అడిగి చూడాలి. ఎన్నికల పొత్తు కంటే ఇది గట్టి పరీక్ష అని మాకనిపిస్తుంది.

'ఆడోళ్ళు ఒప్పుకోరు.' బరోడా క్రైస్తవ స్నేహితుడి 'మా ఆవిడ' ఇదే. మగవాడు బయట ఆధునికుడుగా ఉండొచ్చు, షెడ్డులో, యూనియన్లో, టీ కొట్టు దగ్గర. కులాన్ని కాపాడే పని వంటింటికి అప్పజెప్పి తాను మంచివాడుగా మిగులుతాడు. ఆ ఇంటి ఆడవాళ్ళని మేం చూడనే లేదు, టీ గ్లాసులు పట్టుకొచ్చిన చెయ్యి తప్ప. వాళ్ళ అభిప్రాయం ఎవరూ అడిగినట్టు లేదు. అంబేడ్కర్ 1916లో కొలంబియాలో చదివిన పత్రంలో కులం అంటే గిరి గీసుకున్న వర్గమని, ఆ గిరి నిలబడేది కులంలోపలి పెళ్ళి మీదేనని, దానికోసమే ఆడవాళ్ళ మీద అన్ని కట్టడులని చూపించాడు. బోర్డు చివరి లైన్లో 'ఫ్యామిలీ' అన్న మాటకి నిఘంటువులో అర్థం వెతక్కండి, ఆ పత్రంలో వెతకండి. మేం భార్యాభర్తలం, ఒక పిల్ల. ఏ లెక్కన చూసినా ఫ్యామిలీయే. అయినా ఆ మాట మమ్మల్ని జల్లెడలోంచి కిందకి వదిలేసింది. బ్యాచిలర్లని ఆపడానికే రాస్తామని ఓనర్లు అంటారు. ఒంటరి ఆడవాళ్ళు, ముస్లిములు, మేం ఆ జల్లెడలో ఎందుకు పడతామో వాళ్ళే చెప్పాలి.

కంచరపాలెం మీద ఇంత రాసి ఆ సినిమా మాట ఎత్తకపోతే కుదరదు. 2018 సెప్టెంబరు 7న విడుదలైన వెంకటేష్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' మాకూ నచ్చిన సినిమా. ఈ వీధుల్లో ఉండే 80 మందికి పైగా మనుషుల్నే నటులుగా పెట్టి తీశారు. మన యాస, మన ముఖాలు తెర మీద నవ్వుల పాలు కాకుండా కనిపించడం చిన్న విషయం కాదు. సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు అన్న నాలుగు ప్రేమకథలు చివరికి ఒకే మనిషివని తెలుస్తుంది. ఆ మనిషి పేర్ల మీదుగా, మతాల మీదుగా నడిచివస్తాడు. బ్రాహ్మణ అమ్మాయి భార్గవినీ ముస్లిం సలీమానీ ప్రేమిస్తాడు. మతం పేరు పెట్టి చెప్పిన సినిమా, పేదవాడి కులం దగ్గరకొచ్చేసరికి నోరు మెదపదు. జోసెఫ్‌కి చర్చి ఉంది, పేట లేదు. పెళ్ళికి అడ్డొచ్చేవాళ్ళున్నారు, అద్దెకి అడ్డొచ్చేవాళ్ళు లేరు. అన్ని ప్రేమలకీ చోటిచ్చిన కంచరపాలెంలో ఎవరికి ఏ గది ఎలా దొరికిందన్నది ఆ కథల్లో సమస్యే కాదు.

అయితే పేరు మాత్రం భలే పెట్టారు. కేరాఫ్ అనేది అద్దెకున్నవాళ్ళ మాట. సొంతిల్లు ఉన్నవాడి ఉత్తరం మీద ఇంటి నంబరుంటుంది. అద్దెకున్నవాడి ఉత్తరం ఓనరు పేరు మీద కేరాఫ్‌గా వస్తుంది. చిరునామా కోసం ఇంకొకరి పేరు అరువు తెచ్చుకోవాలి. బరోడా సత్రంలో పార్శీ పేరు కూడా ఒక రకం కేరాఫే.

ఈ చర్చ ఇప్పుడెందుకంటే క్వార్టరు అనే సగం తెరిచిన తలుపు కూడా మూసుకుంటోంది. 1966లో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. భూములు పోయిన పల్లెల పక్కనే ఉక్కునగరం లేచింది. అక్కడా ఇల్లు ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగం రోస్టరుతో వచ్చింది. 2021 జనవరి 27న కేంద్రం ఆ కర్మాగారంలో తన వాటా మొత్తం అమ్మెయ్యడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కార్మికులు రోడ్డెక్కారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ప్రైవేటీకరణ మీద నడిచిన చర్చలో జీతాలున్నాయి, గనులున్నాయి, ఆంధ్రుల హక్కుంది. క్వార్టరు గురించి మాత్రం మేం పెద్దగా వినలేదు. కాంట్రాక్టరు కింద చేరిన గ్యాంగ్ కూలీకి, ఊడ్చే ఆమెకి క్వార్టర్ల జాబితాలో పేరుండదు. వాళ్ళు సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా టులెట్ బోర్డు ముందుకే రావాలి. దళిత సంఘాలు రిజర్వేషన్లని ఉద్యోగంగానే లెక్కేశాయి. దాంతోపాటు వచ్చిన నాలుగు గోడల్ని, అడగని ఆ ఒక్క ప్రశ్నని లెక్కలో వెయ్యలేదు.

మాకు చివరికి ఇల్లు దొరికింది. పట్టాల అవతల, గెడ్డకి దగ్గరగా, రేకులు వేసిన రెండు గదులు. ఓనరు మునిసిపాలిటీలో ఊడ్చి రిటైరైన రెల్లి ముసలామె. గోడ మీద బొగ్గుతో 'గది ఉంది' అని రాసి, కింద మనవడి ఫోన్ నంబరు వేయించింది. 'మీరేటోళ్ళు?' అని ఆమె కూడా అడిగింది. మాలలమా, మాదిగలమా అని కూడా అడిగింది. చెప్పాం. కాసేపు ఆలోచించింది.

'సరే గానీ, కొళాయి పొద్దున్న ఒక్క గంటే వస్తాది. డ్రమ్ముందా మీకాడ?'

లేదన్నాం. ముందు డ్రమ్ము కొనుక్కుని రమ్మంది.